ఎంటార్‌ను అణచబోయి కండను పోగొట్టుకోకండి

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. ఎంటార్ అనే ప్రొటీన్ చురుగ్గా ఉంటే ముసలితనం త్వరగా వస్తుందని, మాంసకృత్తులు తగ్గించి ఉపవాసం ఉంటే అది అణుగుతుందని చదివాను. ఎనిమిది నెలలుగా పప్పు, గుడ్లు, పాలు బాగా తగ్గించేశాను. రోజూ 18 గంటలు ఏమీ తినను. 64 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 58. మొదట్లో ఒళ్లు తేలికపడినట్టు అనిపించింది. ఈమధ్య కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊనాల్సి వస్తోంది, సీసా మూత తిప్పలేకపోతున్నాను. ఆయుష్షు పెంచుతాయని చెప్పే రెస్వెరట్రాల్, ఎన్‌ఎంఎన్ మాత్రలు వేసుకుంటున్నాను. షుగర్ లేదు, కిడ్నీలు బాగున్నాయన్నారు. ఆయుష్షు పెరగడానికి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాలా? ఎంటార్‌ను అణిచే మందు ర్యాపమైసిన్ తెప్పించుకోవాలా?

సమాధానం: రెండు మందులూ వద్దమ్మా. ఈ వారంలోనే మాంసకృత్తులు మళ్లీ పెంచండి. ఉపవాసాన్ని రాత్రిపూట 12 గంటలకు కుదించండి. కాళ్లకు, చేతులకు బరువు తగిలే వ్యాయామం మొదలుపెట్టండి. అంతకన్నా ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ఎనిమిది నెలల్లో 6 కిలోలంటే మీ బరువులో దాదాపు పదో వంతు. మీరు కావాలనే తిండి తగ్గించారు కాబట్టి కారణం అదే అయ్యుండొచ్చు. అయినా ఈ వయసులో ఇంత తగ్గుదల వెనక థైరాయిడ్, షుగర్, రక్తహీనత, లేదా ఇంకేదైనా పెద్ద జబ్బు దాగి ఉందేమో చూడకుండా వదిలెయ్యకూడదు. హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, క్రియాటినిన్, బీ12, విటమిన్ డీ పరీక్షలు చేయించమని అడగండి.

మీరు చదివినదాంట్లో నిజం ఉంది. ఆ నిజం ఏ జంతువులో, ఒంట్లో ఏ భాగంలో, ఎంతసేపటికి వర్తిస్తుందో మాత్రం మీకెవరూ చెప్పినట్టు లేదు. అది తెలిస్తే మీ కండ ఎందుకు కరుగుతోందో మీకే అర్థమవుతుంది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాం.

ఎంటార్ ఒక కైనేజ్, అంటే వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పనితీరును మార్చే ఎంజైమ్. దీని జన్యువులను మొదట 1991లో ఈస్ట్‌లో గుర్తించారు. మన కణాల్లో ఇది ఎంటార్‌సీ1, ఎంటార్‌సీ2 అనే రెండు గుంపులుగా పని చేస్తుంది. మీరు చదివినదంతా మొదటిదాని గురించి. లైసోజోమ్ అనే చిన్న సంచి పైపొర మీదికి చేరి, అక్కడి నుంచి ఇది కణం పరిస్థితిని కనిపెడుతూ ఉంటుంది. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాల్లో ల్యూసిన్ ఉందో లేదో సెస్ట్రిన్2, ఆర్జినిన్ ఉందో లేదో క్యాస్టర్1 అనే ప్రొటీన్లు పసిగడతాయి. ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోన్లు వచ్చిన సంగతి ఏకేటీ అనే మరో కైనేజ్ ద్వారా చేరుతుంది. శక్తి తగ్గిపోతే ఏఎంపీకే అనే ఇంకో కైనేజ్ వచ్చి బ్రేకు వేస్తుంది. అన్నీ అనుకూలంగా ఉంటే ఎంటార్‌సీ1 రెండు పనులు చేస్తుంది. ఎస్6కే, 4ఈ-బీపీ1 అనే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి కొత్త ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. యుఎల్‌కే1 అనే ఎంజైమ్‌ను ఆపి ఆటోఫేజీని తగ్గిస్తుంది. పాడైన ప్రొటీన్లను, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల్లో దెబ్బతిన్నవాటిని కణం తనలోనే కరిగించి మళ్లీ ముడిసరుకుగా వాడుకోవడమే ఆటోఫేజీ. దాని జన్యువులను వెలికితీసినందుకే యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది.

వయసు పెరిగేకొద్దీ కొన్ని కణజాలాల్లో ఎంటార్‌సీ1 పస్తున్నప్పుడు కూడా పూర్తిగా దిగిరాదు. అప్పుడు వంకరగా మడతపడ్డ ప్రొటీన్లు పేరుకుంటాయి, కణం శుభ్రపడే అవకాశం తగ్గుతుంది. ముసలితనానికీ ఈ ప్రొటీన్‌కూ ఉన్న సంబంధం ఇదే. అంటే చెడు దాని చురుకుదనంలో లేదు, ఎప్పటికీ దిగకపోవడంలో ఉంది. ఆరుతడి పంట సంగతి మీకు తెలుసు కదా: నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే వేరు కుళ్లుతుంది, అసలు తడే పెట్టకపోతే మొక్క ఎండుతుంది. తడికీ ఆరుదలకీ మధ్య ఎడం సరిగ్గా ఉండాలి. మీరు ఎనిమిది నెలలుగా ఆరబెడుతూనే ఉన్నారు.

కండ విషయానికొస్తే, తిన్న మాంసకృత్తులను కండగా మలిచే పని కండరంలో ఎంటార్‌సీ1 లేకుండా జరగదు. 2009లో మనుషుల మీదే చేసిన ఒక ప్రయోగంలో, బరువులెత్తే ముందు ర్యాపమైసిన్ ఇస్తే, వ్యాయామం తర్వాత మామూలుగా పెరగాల్సిన కండర ప్రొటీన్ల తయారీ పెరగలేదు. దీనికి తోడు వయసు మీద పడ్డాక కండరం మొద్దుబారుతుంది. పాతికేళ్లవాళ్లకు ఒక పూటకు కిలో బరువుకు సుమారు 0.24 గ్రాముల మాంసకృత్తులు చాలు, కండర ప్రొటీన్ల తయారీ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. పెద్దవయసులో దాదాపు 0.4 గ్రాములు కావాలి. మీరు తినేదేమో తగ్గింది, తినే పూటలూ తగ్గాయి. కండరానికి ‘కట్టు’ అన్న సంకేతం రోజులో ఒక్కసారైనా గట్టిగా అందుతోందో లేదో అనుమానమే. కరగడం మాత్రం రోజంతా నడుస్తూనే ఉంటుంది.

మరి ఎలుకల సంగతేమిటంటారా? ర్యాపమైసిన్ కథ నిజంగా గొప్పదే. ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి దాన్ని తీశారు. ఆ ద్వీపం అసలు పేరు రాపా నుయి కాబట్టి మందుకు ఆ పేరు వచ్చింది. 2009లో అమెరికాలోని మూడు ప్రయోగశాలలు ఒకేసారి చేసిన పరీక్షలో, 600 రోజుల వయసున్న ఎలుకలకు, అంటే మన లెక్కన దాదాపు అరవై ఏళ్లవాటికి, దాన్ని ఆహారంలో కలిపి పెట్టారు. నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసును కొలిస్తే ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. అంత ముదిరిన వయసులో మొదలుపెట్టినా పని చేసిందన్నది అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ ఫలితాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే ప్రయోగశాల ఎలుకల్లో ఎక్కువ భాగం చనిపోయేది క్యాన్సర్‌తో. కణాల పెరుగుదలను అడ్డుకునే మందు వాటికి మేలు చెయ్యడంలో వింత లేదు. ఆ ఎలుకలు శుభ్రమైన బోనులో ఉంటాయి. జారిపడి తుంటి విరగ్గొట్టుకోవు, న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరి పది రోజులు మంచాన పడవు. మనిషికి అలాంటప్పుడు ఆదుకునేది ఒంట్లో ఉన్న కండే.

మనుషుల్లో ఇదే కుటుంబానికి చెందిన ఎవెరోలిమస్‌ను ఆరు వారాలు తక్కువ మోతాదులో, 65 దాటినవారికి ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో ఫ్లూ టీకాకు శరీరం స్పందించే తీరు సుమారు 20 శాతం మెరుగుపడింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ అది టీకాకు స్పందన. మనుషుల్లో ర్యాపమైసిన్ ఆయుష్షు పెంచుతుందని ఇంతవరకు ఏ పరీక్షా చూపలేదు. నష్టాలు మాత్రం బాగానే తెలుసు: నోటిపూత, కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం, ఇన్ఫెక్షన్లు. ఎక్కువకాలం వాడితే ఎంటార్‌సీ2 కూడా చెడి ఇన్సులిన్ పని దెబ్బతింటుంది, అప్పుడు షుగర్ పెరుగుతుంది. ఇది ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 62 గంటలు పడుతుంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు, చివరికి గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా దీని మోతాదును రక్తంలో అమాంతం పెంచేస్తాయి. మూత్రపిండ మార్పిడి జరిగినవారికి రక్తంలో మోతాదు కొలుస్తూ ఇచ్చే మందు ఇది. కండ కరుగుతున్న మనిషి చాటుగా తెప్పించుకుని మింగడం మాకు భయం కలిగిస్తోంది.

ఇన్సులిన్, ఐజీఎఫ్-1 మార్గం గురించీ మీరు చదివే ఉంటారు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే ఒక్క జన్యువు మారిన నులిపురుగులు రెట్టింపు కాలం బతికాయని చూపింది. డాఫ్-16 అనే ఇంకో జన్యువు లేకపోతే ఆ లాభం పోయింది. మన ఫాక్సో ప్రొటీన్లు దాని బంధువులే. కణం ఒత్తిడిని తట్టుకునే జన్యువులను ఇవి మేలుకొలుపుతాయి. మరి మనుషుల్లో ఈ మార్గం తగ్గితే? ఈక్వెడార్‌లో లారాన్ సిండ్రోమ్ ఉన్నవారిలో గ్రోత్ హార్మోన్ గ్రాహకం పని చెయ్యదు, ఐజీఎఫ్-1 చాలా తక్కువ. 2011లో వెలువడిన పరిశీలనలో వారిలో షుగర్ వ్యాధి కనిపించలేదు, క్యాన్సర్ చాలా అరుదు. అయినా వాళ్లు తమ బంధువుల కన్నా ఎక్కువేళ్లు బతకలేదు. ప్రమాదాలు, మూర్ఛల వంటి వేరే కారణాలతో పోయారు. ఒక జబ్బు తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు.

పీ53 కూడా ఇదే చెబుతుంది. దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపి క్యాన్సర్ రాకుండా కాపాడే ప్రొటీన్ అది. దాన్ని మితిమీరి పని చేసేలా మార్చిన ఎలుకలకు కణితులు తగ్గాయి, కానీ ఎముకలు గుల్లబారి, కండ తగ్గి, అవి త్వరగా ముసలివై తొందరగా చనిపోయాయని 2002లో తేలింది. ఇలాంటి ప్రొటీన్లను శాశ్వతంగా ఒకవైపుకు నొక్కి పెడితే ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాలి.

మాంసకృత్తులు ఎక్కువ తింటే ఆయుష్షు తగ్గుతుందన్న మాట 2014లో వచ్చిన ఒక విశ్లేషణతో బాగా పాకింది. అందులో 50–65 ఏళ్లవారిలో ఎక్కువ మాంసకృత్తులకూ క్యాన్సర్ మరణాలకూ సంబంధం కనిపించింది. అదే విశ్లేషణలో 65 దాటినవారిలో ఫలితం తిరగబడింది, ఎక్కువ తిన్నవారే మెరుగ్గా ఉన్నారు. ఈ రెండో సగాన్ని చాలామంది చెప్పరు. పైగా అది ఒక్క రోజు ఏం తిన్నారో అడిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మరణాలను లెక్కించిన అధ్యయనం. కారణమేదో తేల్చే శక్తి దానికి లేదు.

ఇక ఉపవాసం. 16 గంటలు దాటగానే ఆటోఫేజీ మొదలవుతుందని చెప్పే గంటల పట్టికలకు మనుషుల్లో ఆధారం లేదు. ఆటోఫేజీ ఏ అవయవంలో ఎంత జరుగుతోందో చెప్పే మామూలు రక్తపరీక్ష కూడా లేదు. ఎలుకల్లో 24 గంటల పస్తుతో కాలేయంలో అది పెరగడం నిజమే. కానీ ఒక్క రోజు పస్తుంటే ఎలుక తన బరువులో పదో వంతుకు పైగా కోల్పోతుంది. దాని ఒక రోజు మన ఒక రోజు కాదు. తిండి తగ్గించడం మీద మనుషుల్లో జరిగిన పరీక్షల్లో గట్టిది ‘క్యాలరీ’ (CALERIE) అనే పేరున్న పరీక్ష: రెండేళ్లు, 21–50 ఏళ్ల ఆరోగ్యవంతులు, 25 శాతం తగ్గించాలని లక్ష్యం, నిజంగా తగ్గించగలిగింది సుమారు 12 శాతం. రక్తపోటు, కొలెస్టరాల్ మెరుగయ్యాయి, డీఎన్ఏ గుర్తులతో కొలిచిన వృద్ధాప్య వేగం 2–3 శాతం నెమ్మదించింది. తుంటి, వెన్ను ఎముకల సాంద్రత కూడా తగ్గింది. మీలాగా మెనోపాజ్ దాటిన మనిషికి ఆ ఎముక నష్టం చిన్న విషయం కాదు. ఎముక సాంద్రత పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే ఈసారి డాక్టరును దాని గురించీ అడగండి.

మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాలో శక్తి తయారీని కాస్త అడ్డుకుంటుంది, దాంతో ఏఎంపీకే మేలుకుంటుంది. కానీ ఏఎంపీకేను మేలుకొలిపే సులువైన మార్గం కండరాన్ని కదిలించడమే. ఈ రెండూ కలిపితే రెట్టింపు లాభం వస్తుందనుకుంటే పొరపాటు. 65 దాటినవారికి 14 వారాలు బరువుల వ్యాయామం చేయించి, సగం మందికి రోజుకు 1,700 మి.గ్రా. మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. మందు వేసుకున్నవారి కంటే వేసుకోనివారికే కండ ఎక్కువ పెరిగింది. 2019 నాటి ఫలితమిది. మీకు ఇప్పుడు కావలసింది కండ. షుగర్ లేనప్పుడు ఈ మందుతో దాన్ని ఎందుకు పాడుచేసుకోవాలి? (ఇది చదువుతున్నవారిలో షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు దయచేసి ఆపకండి. వారికి దాని మేలు వేరే లెక్క. ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 మాత్రం చూపించుకోండి.)

రెస్వెరట్రాల్ ఆపెయ్యండి. ర్యాపమైసిన్‌ను పరీక్షించిన ఆ మూడు ప్రయోగశాలలే దాన్నీ పరీక్షిస్తే, మామూలు ఎలుకల ఆయుష్షు పెరగలేదు. ఎన్‌ఎంఎన్ రక్తంలో ఎన్ఏడీ అనే పదార్థాన్ని పెంచుతుంది, ముసలితనంతో ముడిపెట్టే సర్టుయిన్ ప్రొటీన్లు పని చెయ్యడానికి అది కావాలి, నిజమే. అయినా దానివల్ల మనుషుల బలం, ఆయుష్షు పెరుగుతాయని నిలకడైన రుజువు లేదు. ఆ డబ్బు తిండి మీద పెట్టండి. మీ ‘జీవ వయసు’ చెబుతామనే డీఎన్ఏ పరీక్షల జోలికీ వెళ్లకండి. ఒకే నమూనాను రెండుసార్లు పరీక్షిస్తే ఇలాంటి కొన్ని పరీక్షలు ఏళ్ల తేడా చూపిస్తాయి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. 65 దాటినవారికి నిపుణుల బృందాలు సూచించేది కిలో బరువుకు రోజుకు 1.0–1.2 గ్రాముల మాంసకృత్తులు. మీకు 62 అయినా లక్షణాలు కనిపిస్తున్నాయి కాబట్టి పై అంకె పట్టుకుందాం: 58 కిలోలకు రోజుకు సుమారు 70 గ్రాములు. మూడు పూటలకూ పంచితే పూటకు 23. అదే మీ కిలోకు 0.4 గ్రాముల లెక్క, అంటే కండరంలో ఎంటార్‌సీ1ను లేపడానికి కావలసినంత. ఒక గుడ్డులో 6 గ్రాములు, 250 మి.లీ. పాలల్లో 8, ఉడికిన చికెన్ లేదా చేప 100 గ్రాముల్లో 22 నుంచి 30 వరకు ఉంటాయి. పప్పు దగ్గర చాలామంది తప్పుతారు: ఉడకని పప్పు 100 గ్రాముల్లో 22–25 ఉంటాయి, ఉడికాక నీరు చేరి అదే 100 గ్రాముల్లో 8–9 మాత్రమే. ఏ తూకం లెక్కేస్తున్నారో చూసుకోండి. పప్పులో ల్యూసిన్ కాస్త తక్కువ కాబట్టి శాకాహారం మీదే ఉంటే పూటకు నాలుగైదు గ్రాములు ఎక్కువ తీసుకోండి, పాలో పెరుగో సోయానో తోడు చెయ్యండి. ఒక్కసారే పెంచితే కడుపుబ్బరం, మలబద్ధకం వస్తాయి. వారానికి 10–15 గ్రాముల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి, నీళ్లు సరిపడా తాగండి. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది: మాంసకృత్తులు పెంచి మొత్తం తిండి తక్కువే ఉంచితే, శరీరం వాటిని శక్తి కోసం మండించేస్తుంది. రోజుకు 300 క్యాలరీలైనా అదనంగా తినండి. మీ కిడ్నీలు బాగున్నాయన్న మాట పాత పరీక్షదైతే క్రియాటినిన్ తాజాగా చూశాకే ఇదంతా. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె) 30 కన్నా తక్కువ ఉన్నవారికి ఈ లెక్క పనికిరాదు, వారికి డాక్టరు చెప్పిన మోతాదే.

తిండి ఒక్కటే చాలదు. వ్యాయామం చేసిన కండరం తర్వాతి 24 గంటలూ అమైనో ఆమ్లాలకు మరింత చురుగ్గా స్పందిస్తుంది. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చెయ్యండి. ఎత్తైన కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఊనకుండా 8 సార్లు లేచి కూర్చోండి. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, రెండు మూడు వారాల్లో తీసెయ్యొచ్చు. గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, రబ్బరు బ్యాండ్‌తో వెనక్కి లాగడం, మడమలు ఎత్తి దించడం. ఒక్కొక్కటీ 8–12 సార్లు, రెండు విడతలు. విడత ముగిసేసరికి ‘ఇంకో రెండుసార్లు మాత్రం చెయ్యగలను’ అనిపించేంత కష్టంగా ఉండాలి. 12 సార్లు తేలిగ్గా అవుతుంటే బరువు కాస్త పెంచండి. పెంచకుండా అదే బరువుతో నెలల తరబడి చెయ్యడం వల్లే ఎక్కువమందికి ఫలితం ఆగిపోతుంది. కండరాలు ఒకటి రెండు రోజులు నొప్పిపుట్టడం సహజం, కీలు పోటెత్తితే మాత్రం ఆ కదలిక ఆపండి. మిగతా రోజుల్లో వారం మొత్తానికి 150 నిమిషాల చురుకైన నడక. ఏఎంపీకే పని, ఎంటార్ దిగివచ్చే పని అక్కడ జరుగుతాయి. రాత్రి భోజనానికీ ఉదయం తిండికీ మధ్య 12 గంటల ఎడం ఎలాగూ ఉంటుంది.

మొదలుపెట్టే రోజున మూడు అంకెలు రాసుకోండి: బరువు, పిక్క చుట్టుకొలత, చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టిన సెకన్లు. పిక్క 31 సెంటీమీటర్ల లోపుంటే కండ తగ్గినట్టు అనుమానించాలి. ఐదుసార్లకు 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. బలం ముందు పెరుగుతుంది. నరాలు కండరాన్ని బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల నాలుగైదు వారాల్లోనే సెకన్లు తగ్గుతాయి. పిక్క కొలత మారడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. అప్పటివరకు అది కదలకపోయినా మానెయ్యకండి.

12 వారాలు సరిగ్గా తిని, చేసినా సెకన్లు తగ్గకపోతే, లేదా ఈలోగా బరువు ఇంకో కిలో తగ్గితే, ఆకలి చచ్చిపోతే, రాత్రిళ్లు చెమటలు పడితే, మలంలో రక్తం కనిపిస్తే, ఒక చెయ్యి లేదా ఒక కాలే బలహీనంగా అనిపిస్తే తిండి లెక్కలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక చెయ్యి లేదా కాలు ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా మర్నాటిదాకా ఆగకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి చేరండి.